సర్వే షీట్‌లో ఖాళీ గడులు: మల్టిపుల్ ఇంప్యుటేషన్ సరిగ్గా చేయాలంటే

ఎండాకాలంలో పాలమూరు తండాలకో, దేవరకొండ వైపు పల్లెలకో సర్వేకు పోతే వరుసగా తాళాలు కనబడతాయి. పక్కింటివాళ్లను అడిగితే "ఎవ్వలు లేరు సారూ, బొంబాయి పోయిండ్రు, పీర్ల పండుగకు వస్తరు" అంటారు. సర్వే చేసే పిల్లవాడు ఆ ఇంటి నంబరు ఎదురుగా ఒక గీత గీసి ముందుకు పోతాడు. పొద్దుగూకే సరికి ఆ గీత ఎక్సెల్‌లో ఖాళీ గడిగా మారుతుంది. నెల తర్వాత లెక్క చేసేవాళ్ల ముందుకు వచ్చేసరికి ఆ ఖాళీకీ, ల్యాబ్‌కు పోయే దారిలో పగిలిపోయిన నీళ్ల నమూనా సీసా వల్ల వచ్చిన ఖాళీకీ తేడా తెలియదు. రెండూ తెల్లగానే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఒకే తీరుగా నింపుతుంది. తప్పు అక్కడ మొదలవుతుంది.

మల్టిపుల్ ఇంప్యుటేషన్ అంటే ఖాళీ గడికి ఒక మంచి అంకె వెతికి పెట్టడం అని చాలామంది అనుకుంటారు. అది కాదు. ఆ అంకె మనకు తెలియదు, ఇక ముందు కూడా తెలియదు. ఉన్న సమాచారాన్ని బట్టి అక్కడ ఏయే అంకెలు ఉండే వీలుందో వాటిలోంచి ఒకటి కాకుండా అనేకం తీసి, అన్ని సార్లు లెక్క చేసి, జవాబులు ఒకదానికొకటి ఎంత దూరం జరిగాయో చూసి, ఆ దూరాన్ని కూడా చివరి జవాబులో కలపడం ఈ పద్ధతి. డోనాల్డ్ రూబిన్ 1970లలో దీన్ని ముందుకు తెచ్చి 1987లో పుస్తకంగా విడమరిచి చెప్పారు. సర్వేలలో జవాబు రాని ప్రశ్నల కోసమే అది పుట్టింది కాబట్టి మన పనికి సరిగ్గా అతుకుతుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. ఇందులో అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి పెట్టుకున్నవే, ఏ సర్వేవీ కావు. మర్రిగూడ, చండూరు, నాంపల్లి మండలాల్లో 400 ఇండ్లు. ఇంటికొక పెద్దమనిషి. మొదటి విడత దసరా తర్వాత, రెండో విడత ఎండాకాలంలో. కాలమ్‌లు ఇవి: ఊరు, వయసు, ఆ ఊళ్లో ఎన్నేండ్ల నుంచి ఉంటున్నారు, తాగే నీళ్లు బోరువా భగీరథ నల్లావా, బోరు లోతు, నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు, మూత్రంలో ఫ్లోరైడ్, రెండు విడతల్లోనూ 0 నుంచి 10 వరకు కీళ్ల నొప్పుల స్కోరు. నీళ్లలో ఫ్లోరైడ్ రెట్టింపైతే రెండో విడత నొప్పుల స్కోరు ఎంత పెరుగుతుంది? తేలాల్సిన ప్రశ్న ఇది. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1.0 దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. నల్లగొండ గ్రానైట్ నేలల్లో ఈ హద్దు దాటిన బోర్లు కొత్త సంగతి కాదు. ఇక్కడ లెక్క తప్పితే ఏ ఊరికి ముందు మంచినీళ్లు అందాలన్న వరుస తప్పుతుంది.

సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు చేయాల్సిన పని ఒకటుంది: నిజంగా ఖాళీ అయినవి ఏవో తేల్చుకోవాలి. బోరే లేని ఇంట్లో "బోరు లోతు" ఖాళీగా ఉంటే అది మిస్సింగ్ కాదు, వర్తించదు. దాన్ని ఇంప్యూట్ చేస్తే, అంటే అంచనాతో నింపితే, లేని బోరుకు 300 అడుగుల లోతు వచ్చి కూర్చుంటుంది. ల్యాబ్ నుంచి "గుర్తించే స్థాయి కంటే తక్కువ" అని వచ్చిన నమూనా కూడా ఖాళీ కాదు. సున్నాకూ ఆ స్థాయికీ మధ్య ఎక్కడో ఉందని మనకు తెలుసు, కాబట్టి ఆ రెండు హద్దుల మధ్యే నింపాలి. దాన్ని మామూలు ఖాళీగా వదిలేస్తే సాఫ్ట్‌వేర్ అక్కడ 3.2 పెట్టినా పెడుతుంది. ఇక 99, 999, -9 లాంటి కోడ్‌లు. "తెలియదు" అనడానికి వయసు కాలమ్‌లో 99 వేసే అలవాటు ఇంకా పోలేదు. ఊళ్లో నిజంగా 99 ఏండ్ల అవ్వ ఉంటే ఆమె కూడా ఆ కోడ్‌లో కలిసిపోతుంది. ప్రతి కాలమ్‌కూ కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువసార్లు వచ్చిన 10 విలువలు రాసుకుని చూస్తే ఇవన్నీ అరగంటలో బయటపడతాయి.

ఊరి పేర్లు ఇంకో తలనొప్పి. చండూరు, చండూర్, చందూరు అని మూడు రకాలుగా టైపు చేస్తే సాఫ్ట్‌వేర్‌కు మూడు ఊర్లు. 2016లో జిల్లాలు విడిపోయాక పాత ఫైళ్లను కొత్తవాటితో కలిపేటప్పుడు ఇది ఇంకా ముదిరింది. సంస్థాన్ నారాయణపురం పాత ఫైల్‌లో నల్లగొండ జిల్లాలో ఉంటుంది, కొత్త ఫైల్‌లో యాదాద్రి భువనగిరిలో. పాత మహబూబ్‌నగర్ జిల్లా సంగతి చెప్పనక్కర్లేదు, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల, 2019లో నారాయణపేట విడివిడిగా వచ్చాయి. జిల్లా కోడ్‌తో ఫైళ్లు కలిపితే జత కుదరని వరుసలు ఖాళీలతో మిగులుతాయి. అవి జవాబు రాని ఖాళీలు కావు, మనం కలపడంలో తెచ్చుకున్నవి. వాటిని సరిచేయాలి గానీ ఇంప్యూట్ చేయకూడదు.

ఇదంతా అయ్యాక ఖాళీల లెక్క. మన ఉదాహరణలో రెండో విడత నొప్పుల స్కోరు లేని ఇండ్లు 60, అన్నీ తాళాలే. మూత్రం నమూనా లేనివాళ్లు 36 మంది, బడి దగ్గర పెట్టిన క్యాంపుకు రాలేదు. బోరు నీళ్ల ఫలితం లేనివి 48. అన్నీ కలిపి ఏదో ఒక గడి ఖాళీగా ఉన్న వరుసలు 140, అంటే 35 శాతం.

చాలా సాఫ్ట్‌వేర్‌లు మనం ఏమీ చెప్పకపోతే ఈ 140 వరుసలను చడీచప్పుడు లేకుండా వదిలేసి మిగిలిన 260తోనే రిగ్రెషన్ (ఒక కాలమ్ మారితే ఇంకొకటి ఎంత మారుతుందో చెప్పే లెక్క) చేస్తాయి. పది కాలమ్‌లు ఉండి ఒక్కొక్కదానిలో 5 శాతమే ఖాళీలున్నా, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడితే, నిండుగా మిగిలే వరుసలు 60 శాతమే. 0.95ను పదిసార్లు హెచ్చించి చూడండి. "ప్రతి కాలమ్‌లో కొంచెమే పోయింది" అన్న మాటకు మోసపోకూడదు.

సగటు పెట్టి నింపడం ఇంకా చెడ్డది. నాలుగో వంతు గడుల్లో సగటు పెడితే వేరియన్స్ (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది, దాని వర్గమూలమైన ప్రామాణిక విచలనం 13 శాతం వరకు కుదించుకుపోతుంది. ఊరూరికీ ఉన్న తేడా చదునైపోతుంది. మర్రిగూడ బోరుకూ, ఫ్లోరైడ్ లేని ఊరి బోరుకూ ఒకే అంకె పడుతుంది. పైగా స్టాండర్డ్ ఎర్రర్ (మన జవాబు ఎంత అటూఇటూ కావొచ్చో చెప్పే అంకె) చిన్నదై, లేని నిశ్చయం ఉన్నట్టు కనబడుతుంది. రిగ్రెషన్‌తో అంచనా వేసి ఒక్కసారి నింపినా ఈ చివరి దోషం పోదు.

అయితే ప్రతి ఖాళీకీ మల్టిపుల్ ఇంప్యుటేషన్ అక్కర్లేదు. మనం లెక్కకట్టే ఫలితం ఒక్కటే ఖాళీగా ఉండి, దాన్ని అంచనా వేయడానికి మోడల్‌లో ఉన్నవి తప్ప వేరే సమాచారమేదీ లేకపోతే, ఇంప్యూట్ చేసినా కొత్తగా వచ్చేది ఉండదు. ఖాళీ పడటానికి కారణం మోడల్‌లో ఇప్పటికే ఉన్న వయసు, ఊరు లాంటివే అయి, ఫలితంతో సంబంధం లేకపోతే నిండు వరుసలతో చేసిన రిగ్రెషన్ కూడా పక్షపాతం లేని జవాబే ఇస్తుంది. రెండు విడతల్లోనూ ఒక్కసారి కూడా కలవని ఇండ్ల విషయంలో వెయిట్‌లు వాడటం, అంటే వాటిలాంటి కలిసిన ఇండ్లకు లెక్కలో ఎక్కువ బరువివ్వడం, సరైన దారి. మన ఉదాహరణలో మొదటి విడత నొప్పుల స్కోరు చేతిలో ఉంది, ఖాళీలు మూడు కాలమ్‌లలో చెదిరి ఉన్నాయి. ఇంప్యుటేషన్ అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

ఖాళీ ఎందుకు పడిందన్న ప్రశ్నకు రూబిన్ 1976లో చేసిన విభజన ఇప్పటికీ ఆధారం. సీసా పగిలింది, కాగితం తడిసింది: ఈ ఖాళీకి ఇంటితో ఏ సంబంధమూ లేదు. దీన్ని ఎంసీఏఆర్ (మిస్సింగ్ కంప్లీట్లీ ఎట్ ర్యాండమ్) అంటారు. నల్లా వచ్చిన ఇండ్లలో బోరు వాడకం ఆగిపోయి నమూనా తీయలేదు, కానీ నల్లా ఉందో లేదో మనం రాసుకున్నాం: ఖాళీకి కారణం కనబడే కాలమ్‌లోనే ఉంది. ఇది ఎంఏఆర్ (మిస్సింగ్ ఎట్ ర్యాండమ్). నొప్పులు ఎక్కువై బడిదాకా నడవలేక క్యాంపుకు రాలేదు, ఎంత నొప్పో మనకు తెలియదు: కారణం కనబడని అంకెలోనే దాగుంది. ఇది ఎంఎన్ఏఆర్ (మిస్సింగ్ నాట్ ఎట్ ర్యాండమ్). ఉన్న డేటాను ఎంత తిరగేసినా ఎంఏఆర్‌కూ ఎంఎన్ఏఆర్‌కూ తేడా చెప్పే పరీక్ష లేదు. ఆ తేడా తెలిసింది గడప ముందు నిలబడ్డ మనిషికే. అందుకే ఫీల్డ్ పుస్తకంలో ఖాళీకి ఎదురుగా "తాళం", "రాలేదు", "చెప్పనన్నారు", "సీసా పోయింది" అని నాలుగు కోడ్‌లైనా రాయించమని గట్టిగా చెబుతాను. ఆ ఒక్క కాలమ్ లేకపోతే తర్వాత ఏ ప్యాకేజీ కూడా దాన్ని తిరిగి పుట్టించలేదు.

ఇక నింపే పని. ఎక్కువమంది వాడేది గొలుసు సమీకరణాల పద్ధతి. ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో మైస్ (mice) ప్యాకేజీ చేసేది ఇదే, స్టాటా, ఎస్‌పీఎస్‌ఎస్‌లలోనూ ఉంది. మొదట ఖాళీలన్నింటిలో ఆయా కాలమ్‌లలో ఉన్న విలువల్లోంచే ఏదో ఒకటి యాదృచ్ఛికంగా పెడుతుంది. తర్వాత ఒక్కో కాలమ్ దగ్గరికి వస్తుంది. ఫ్లోరైడ్ వంతు వచ్చినప్పుడు మిగతా కాలమ్‌లన్నింటితో ఫ్లోరైడ్‌కు ఒక మోడల్ కట్టి, దానిలోని ఖాళీలను మళ్లీ నింపుతుంది. తర్వాత మూత్రంలో ఫ్లోరైడ్, తర్వాత నొప్పుల స్కోరు. ఇలా అన్నీ ఒక చుట్టు పూర్తయితే ఒక ఇటరేషన్. మైస్ తనంతట తాను 5 చుట్లే తిరుగుతుంది. 10 నుంచి 20 వరకు తిప్పడం మేలు. అన్ని చుట్లూ అయ్యాక ఒక నిండు డేటాసెట్ వస్తుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి ఇంకొకటి. ఇలా ఎన్ని కావాలంటే అన్ని.

అంకెల కాలమ్‌లకు మైస్ సొంతంగా ఎంచుకునే పద్ధతిని పీఎంఎం (ప్రెడిక్టివ్ మీన్ మ్యాచింగ్) అంటారు. ఇది లోపల ఎలా పని చేస్తుందో ఒక్క గడి దగ్గర ఆగి చూద్దాం. నాంపల్లి మండలంలో ఒక ఇంటి బోరు ఫలితం రాలేదు. మోడల్ దానికి 2.80 అని అంచనా వేసింది. ఆ 2.80ను గడిలో పెట్టదు. ఫలితం ఉన్న ఇండ్లకు కూడా ఇదే మోడల్ అంచనాలు వేసి, 2.80కి దగ్గరగా అంచనా పడిన 5 ఇండ్లను ఏరుతుంది. వాటి అంచనాలు 2.75, 2.77, 2.79, 2.83, 2.84 అనుకుందాం. కానీ ల్యాబ్‌లో వచ్చిన అసలు విలువలు 1.9, 2.2, 3.4, 2.6, 4.1. ఈ అయిదింటిలోంచి ఒకదాన్ని చీటీ తీసినట్టు తీసి మన గడిలో వేస్తుంది. ఒక డేటాసెట్‌లో 3.4 పడుతుంది, ఇంకొకదానిలో 1.9. మోడల్ గుణకాలను (ఒక కాలమ్ మారితే అంచనా ఎంత మారుతుందో చెప్పే అంకెలను) కూడా ప్రతిసారీ ఒకే విలువ దగ్గర పట్టుకోకుండా, వాటిలో ఉండే అనిశ్చితి మేరకు కదిలించి మరీ అంచనా వేస్తుంది. ఈ కదలిక లేకుండా ఒకే గుణకాలతో నింపితే అది పేరుకే మల్టిపుల్.

అరువు తెచ్చేది నిజంగా కొలిచిన విలువే కాబట్టి పీఎంఎంలో మైనస్ ఫ్లోరైడ్ రాదు, 14 స్కోరు రాదు. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. అరువిచ్చే ఇండ్లు దగ్గర్లో లేకపోతే దూరపు ఇంటి విలువను తెచ్చి పెడుతుంది. ఒక ఊళ్లో ఫ్లోరైడ్ బాగా ఎక్కువగా ఉండి, ఆ ఊరి నమూనాల పెట్టె మొత్తం పోయిందనుకోండి. అంత ఎక్కువ విలువ ఇంకెక్కడా కొలవలేదు కాబట్టి పీఎంఎం దాన్ని ఎప్పటికీ పెట్టలేదు. అప్పుడు ఫ్లోరైడ్‌ను లాగ్‌లోకి మార్చి మామూలు రిగ్రెషన్ పద్ధతిలో నింపడం లేదా ఆ ఊరికి మళ్లీ పోయి నీళ్లు పట్టుకురావడం. రెండోదే మంచిది, బోరు ఎక్కడికీ పోదు. అవును, కాదు అనే కాలమ్‌లకు లాజిస్టిక్ రిగ్రెషన్, పళ్ల గార తీవ్రత లాంటి మెట్ల కాలమ్‌లకు ఆర్డినల్ పద్ధతి పెట్టుకోవాలి. మెట్ల కాలమ్‌ను అంకెగా నింపి 2.6ను 3గా గుండ్రం చేయడం వద్దు, పక్షపాతం చేరుతుంది.

నింపే మోడల్‌లో ఏమేం ఉండాలన్న దగ్గర ఎక్కువ తప్పులు జరుగుతాయి. చివరి రిగ్రెషన్‌లో ఉండేవన్నీ ఇందులో ఉండాలి, ఫలితంతో సహా. "నొప్పుల స్కోరుతో ఫ్లోరైడ్‌ను నింపి, మళ్లీ ఆ ఫ్లోరైడ్‌తో నొప్పులను వివరిస్తే గుండ్రంగా తిరిగినట్టు కాదా?" అని దాదాపు ప్రతి విద్యార్థీ అడుగుతారు. కాదు. స్కోరును వదిలేసి నింపితే, నింపిన గడుల్లో ఫ్లోరైడ్‌కూ నొప్పులకూ మిగతా కాలమ్‌ల ద్వారా వచ్చేది తప్ప వేరే సంబంధం ఉండదు. అవి మిగతావాటితో కలిసినప్పుడు నిజంగా ఉన్న సంబంధం సున్నా వైపు జారిపోతుంది. స్కోరు ఉంచితే ఉన్న సంబంధం ఉన్నట్టే నిలుస్తుంది. అంచనాకు గుణకం ఒక్కటే కాదు, చీటీ తీసే యాదృచ్ఛికత కూడా కలుస్తుంది కాబట్టి సంబంధం కృత్రిమంగా పెరగదు.

చివరి రిగ్రెషన్‌లో లేకపోయినా నింపడానికి పనికొచ్చే కాలమ్‌లు కొన్ని ఉంటాయి. మొదటి విడత స్కోరు అందులో మొదటిది. నమూనా తీసిన నెల, వానలకు ముందా తర్వాతా అన్నది, బోరు లోతు, పక్క బోరు ఫలితం, తాళం ఉన్న ఇంటికైతే బయటి నుంచి కనబడే పైకప్పు, వాకిట్లో నల్లా ఉందా లేదా, ఇవన్నీ ఉపయోగపడతాయి. ఖాళీ ఎందుకు పడిందో చెప్పేవీ, ఖాళీలో ఏముండొచ్చో చెప్పేవీ రెండూ కావాలి. అలాగని 60 కాలమ్‌లు కుక్కకూడదు. 400 వరుసలకు 15 నుంచి 20 వరకు చాలు, అంతకుమించితే గుణకాలు ఊగిపోతాయి.

ఊరు అనే కాలమ్‌ను మరచిపోతే ఒకే ఊరి ఇండ్ల మధ్య ఉండే పోలిక చెరిగిపోతుంది. ఊర్లు తక్కువగా, ఒక్కో ఊళ్లో ఇండ్లు ఎక్కువగా ఉంటే ఊరికొక డమ్మీ కాలమ్ (ఆ ఊరైతే 1, కాకపోతే 0) పెట్టొచ్చు. 40 ఊర్లు, ఊరికి 10 ఇండ్లు అయితే డమ్మీలు పనిచేయవు, ఇంటినీ ఊరినీ విడి స్థాయిలుగా చూసే రెండు అంతస్తుల ఇంప్యుటేషన్ పద్ధతి వాడాలి. ఒక ఊళ్లో అన్ని ఇండ్లకూ నల్లా ఉంటే లాజిస్టిక్ మోడల్ తడబడి గుణకం అనంతం వైపు పరుగెత్తుతుంది. స్టాండర్డ్ ఎర్రర్ వందల్లో కనబడితే కారణం తరచూ ఇదే. పుట్టిన సంవత్సరం, వయసు రెండూ పెడితే, లేదా మొత్తం స్కోరుతో పాటు దాని విడి ప్రశ్నలు కూడా పెడితే ఒకదాన్ని ఇంకొకటి పూర్తిగా చెప్పేస్తుంది, చుట్లు ఎన్ని తిరిగినా గొలుసు కదలదు. విడి ప్రశ్నలను నింపి మొత్తాన్ని వాటి నుంచి కూడుకోవాలి. నల్లా ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ ఫ్లోరైడ్ ప్రభావం వేరుగా ఉందా అన్నదే మీ ప్రశ్న అయితే రెండు గుంపులనూ విడదీసి వేర్వేరుగా నింపి తర్వాత కలపండి. కలిపి నింపితే ఆ తేడా నింపడంలోనే మాయమవుతుంది.

ఎన్ని డేటాసెట్‌లు? పాత పుస్తకాల్లో 3 నుంచి 5 అని ఉంటుంది, మైస్ కూడా చెప్పకపోతే 5 చేస్తుంది. కంప్యూటర్లు నెమ్మదిగా ఉన్న రోజుల మాట అది. ఇప్పుడు తేలిగ్గా గుర్తుండే లెక్క, ఖాళీ ఉన్న వరుసలు నూటికి ఎన్నో దాదాపు అన్ని డేటాసెట్‌లు. మనకు 35 శాతం, కాబట్టి 40 చేద్దాం. 400 వరుసలకు మామూలు ల్యాప్‌టాప్ మీద ఇది పెద్ద భారం కాదు. మొదలుపెట్టే ముందు సీడ్ నంబరు (యాదృచ్ఛిక ఎంపికలు ఎక్కడ మొదలవాలో చెప్పే అంకె) పెట్టి రాసుకోవాలి. లేకపోతే రేపు మీరే మళ్లీ చేసినా అవే అంకెలు రావు, గైడ్ అడిగితే చూపించలేరు.

నింపాక వెంటనే రిగ్రెషన్‌కు పరుగెత్తొద్దు. ప్రతి చుట్టులో నింపిన విలువల సగటును, విచలనాన్ని గీతలుగా గీసి చూడండి. 40 గీతలూ ఒకదానిలో ఒకటి అల్లుకుని, పైకీ కిందికీ పోకుండా ఉంటే మంచిది. అన్నీ కలిసి ఒక వైపు ఎక్కుతూ ఉంటే ఇంకా చుట్లు కావాలి. ఒక్కో గీత తన దారిలో విడిగా సాగుతుంటే పైన చెప్పినట్టు ఒకదాన్ని ఇంకొకటి పూర్తిగా చెప్పేసే కాలమ్‌లు ఎక్కడో మిగిలి ఉన్నాయి. తర్వాత కొలిచిన విలువల పంపిణీ, నింపిన విలువల పంపిణీ ఒకే బొమ్మలో పెట్టి చూడండి. రెండూ ఒకే తీరుగా ఉండాలనే నియమం లేదు, ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊర్లలోనే ఖాళీలుంటే నింపినవి ఎక్కువగానే ఉండాలి. కానీ తేడా ఎందుకో మీరు చెప్పగలగాలి. చివరగా పది గడులను ఊరి సంగతి తెలిసిన మనిషికి చూపించండి. "ఈ బోరుకు 0.4 రాదు సార్" అని ఆయన అంటే మోడల్‌లో ఏదో తక్కువైందన్నమాట.

ఇప్పుడు కలిపే లెక్క. చేత్తో చేయడానికి వీలుగా 5 డేటాసెట్‌లే తీసుకుందాం. ఫ్లోరైడ్ రెట్టింపైతే నొప్పుల స్కోరు ఎంత పెరుగుతుందన్న గుణకం అయిదింటిలో 0.42, 0.47, 0.39, 0.51, 0.46 వచ్చింది. ప్రతిదానిలో స్టాండర్డ్ ఎర్రర్ 0.10. చివరి గుణకం వీటి సగటు, 0.45. లోపలి వేరియన్స్ అంటే స్టాండర్డ్ ఎర్రర్ల వర్గాల సగటు, 0.0100. ఇక అయిదు గుణకాల మధ్య వేరియన్స్. సగటు నుంచి తేడాలు -0.03, 0.02, -0.06, 0.06, 0.01. వాటి వర్గాల మొత్తం 0.0086, దాన్ని 4తో భాగిస్తే 0.00215. ఖాళీల వల్ల మనకు తెలియనిది ఎంతో చెప్పే అంకె ఇదే. డేటాసెట్‌లు అయిదే కాబట్టి దీన్ని 1 + 1/5, అంటే 1.2తో హెచ్చించాలి, 0.00258 వస్తుంది. మొత్తం వేరియన్స్ 0.01258. వర్గమూలం 0.112. స్టాండర్డ్ ఎర్రర్ 0.10 నుంచి 0.112కు పెరిగింది. 0.00258ను 0.01258తో భాగిస్తే 0.205, అంటే మొత్తం అనిశ్చితిలో అయిదో వంతు ఖాళీల వల్లే. స్వాతంత్ర్య కోటులు (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంతరం ఎంత వెడల్పుండాలో తేల్చడానికి వాడే అంకె) 4ను 0.205 వర్గంతో భాగిస్తే దాదాపు 95. 95 శాతం అంతరం (కాన్ఫిడెన్స్ ఇంటర్వల్) 0.23 నుంచి 0.67 వరకు. ఒకే ఒక్క నిండు డేటాసెట్ అని భ్రమపడి ఉంటే 0.25 నుంచి 0.65 అని రాసేవాళ్లం. ఈ ఉదాహరణలో తేడా చిన్నదే. ఖాళీలు ఎక్కువైన చోట, హద్దు సున్నాకు దగ్గరగా ఉన్న చోట ఈ తేడాతోనే "ప్రభావం ఉంది" అన్న మాట నిలవడమో పడిపోవడమో జరుగుతుంది.

కలిపేటప్పుడు గుణకాలను కలపాలి, పి-విలువలను సగటు చేయకూడదు. అవును, కాదు ఫలితాలకు వచ్చే ఆడ్స్ రేషియోలను లాగ్‌లోకి మార్చి కలిపి, చివర్లో వెనక్కి మార్చాలి. అన్నింటికంటే ఎక్కువగా కనబడే తప్పు, 40 డేటాసెట్‌లలో ఒక్కో గడికి సగటు తీసి ఒకే షీట్ చేసుకోవడం. అంత పనీ చేసి మళ్లీ సగటు నింపిన దగ్గరికే వచ్చినట్టు. 40 షీట్‌లనూ ఒకదాని కింద ఒకటి అతికించి 16,000 వరుసలతో రిగ్రెషన్ చేయడం దాని తర్వాతి తప్పు. 400 ఇండ్లు 16,000 ఇండ్లు అయిపోవు, స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం ఆరు రెట్లకు పైగా కుంచించుకుపోతుంది.

ఇంతవరకు చేసిందంతా ఎంఏఆర్ అన్న నమ్మకం మీద నిలబడింది. మన తాళాల సంగతి అలా తేలిపోయేది కాదు. వలస పోయేది పని చేయగలిగినవాళ్లు. మోకాళ్లు పట్టేసినవాళ్లు మేస్త్రీ వెంట పోలేరు, ఇంటిదగ్గరే ఉంటారు. కాబట్టి తాళం ఉన్న ఇంటివాళ్ల నొప్పులు మోడల్ వేసిన అంచనా కంటే తక్కువగా ఉండొచ్చు. క్యాంపుకు రానివాళ్ల సంగతి దీనికి తలకిందులు. నొప్పి ఎక్కువై రాలేదు, మూత్రంలో ఫ్లోరైడ్ కూడా ఎక్కువే ఉండొచ్చు. ఒకే రంగు ఖాళీ, రెండు వ్యతిరేక దిశలు. కోడ్‌లు విడిగా రాసి ఉంటేనే వీటిని విడిగా పరీక్షించగలం.

పరీక్షించే పద్ధతిని డెల్టా సర్దుబాటు అంటారు. తాళం కోడ్ ఉన్న గడుల్లో నింపిన నొప్పుల స్కోరు నుంచి 0.5 తీసేసి మొత్తం లెక్క మళ్లీ చేయండి. తర్వాత 1, తర్వాత 1.5, 2. "రాలేదు" కోడ్ ఉన్న గడుల్లో మూత్రం ఫ్లోరైడ్‌ను 10 శాతం, 20 శాతం, 30 శాతం పెంచి చూడండి. తీసివేత, పెంపు చివర్లో చేస్తే సరిపోదు, గొలుసు తిరుగుతున్నప్పుడే ప్రతి చుట్టులోనూ చేయాలి. మైస్‌లో నింపిన వెంటనే విలువను సర్దే వీలు ఇందుకే ఉంది. ప్రతి డెల్టాకూ గుణకం, అంతరం ఒక పట్టికలో పెట్టండి. డెల్టా 2 వరకు పోయినా అంతరం సున్నాను తాకకపోతే ఫలితం గట్టిది. 0.5 దగ్గరే తాకితే ఆ సంగతి రిపోర్టులో మొదటి పేజీలోనే ఉండాలి. ఏ డెల్టా నమ్మదగ్గదో మాత్రం పట్టిక చెప్పదు.

రిపోర్టులో ఇవి రాయండి: కాలమ్ వారీగా ఖాళీలు ఎన్ని, ఏ కోడ్‌వి, నింపే మోడల్‌లో ఏయే కాలమ్‌లున్నాయి, ఒక్కోదానికి ఏ పద్ధతి, ఎన్ని డేటాసెట్‌లు, ఎన్ని చుట్లు, సీడ్, ప్యాకేజీ వెర్షన్. నిండు వరుసలతోనే చేసిన ఫలితాన్ని పక్కనే పెట్టండి. రెండింటికీ పెద్ద తేడా ఉంటే ఎందుకో ఒక్క వాక్యం చాలు.

డెల్టాను ఊహించుకోకుండా కొలిచే దారి మన ప్రాంతంలో ఒకటుంది. వలస పోయినవాళ్లు పండుగకు వస్తారు. 60 తాళాల్లోంచి 15 ఇండ్లను చీటీలు తీసి ముందే ఎంచుకుని, పీర్ల పండుగకో ఉగాదికో ఆ పదిహేనింటికి మళ్లీ పోయి అదే నొప్పుల స్కోరు అడగండి. ఎండాకాలంలో ఎలా ఉండేదో కూడా అడిగి రాసుకోండి, రెండు అంకెలూ వేర్వేరు కాలమ్‌లలో. ఆ 15 ఇండ్లకు మోడల్ నింపిన సగటును ఎండాకాలానికి వాళ్లు చెప్పిన సగటు నుంచి తీసేస్తే వచ్చేదే మీ డెల్టా, దాని గుర్తు మైనస్సా ప్లస్సా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. పండుగ మూడు రోజుల్లోపు పోవాలి. నాలుగో రోజు మళ్లీ బస్సెక్కుతారు.